రైఫిల్ గొట్టంలో బట్టబీడీ

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం నా డైరీని నేను బస్సెక్కకముందే, తెల్లవారుజామునే రాసేశాను. "ఈ రోజు ఫైరింగులో నా గురి చూసి అందరూ నోళ్లు తెరిచారు. నేను క్యాంపుకు ఎంపికయ్యాను." రోజు ఇంకా మొదలే కాలేదు! సాయంత్రం వచ్చి ఆ పేజీ చింపడానికి మనసొప్పలేదు. కింద చిన్న అక్షరాలతో "పై వార్తలో స్వల్ప మార్పులు కలవు" అని చేర్చాను. ఆ స్వల్ప మార్పులేమిటో చెబుతాను, గుండె దిటవు చేసుకోండి. ఇందులో ఒక తుపాకి, నాలుగు బట్టముక్కలు, నా పరువు ఉన్నాయి. తుపాకి బాగానే ఉంది.

అప్పుడు నేను కామారెడ్డిలో డిగ్రీ రెండో ఏడు. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సు. క్లాసులో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని గాని నోరెత్తేదాన్ని కాదు. అలాంటి నేను ఖాకీ డ్రెస్సు వేసుకుని కాలేజీ క్యాడెట్లలో చేరడం మా అమ్మకే నమ్మశక్యం కాలేదు. నాకు కావలసింది ఒక్కటే: పది రోజుల క్యాంపు. ఎల్లారెడ్డి తప్ప మరో ఊరిలో నిద్రలేచి ఎరగను. నలుగురు షూటర్లను, ఒక రిజర్వును తీసుకెళ్తారు. ఆ ఎంపిక ఆ ఆదివారమే.

చిక్కల్లా ముందు వారం నేను కాల్చిన ఐదు గుండ్లతో వచ్చింది. నా స్నేహితురాలు సుజాత టార్గెట్ కాగితం ఎండకు పట్టి చూసింది.

"ఒక్క తూటు లేదే! నీ గోలీలు ఐదూ ఐదు ఊర్లకు పోయినయి."

"రైఫిల్‌ల సీసం పట్టింది," అన్నాను పండితురాలిలా.

లైబ్రరీలో తుపాకుల మీద పాత పుస్తకం దొరికితే రెండుసార్లు చదివాను మరి. మా రైఫిల్ గుండ్లు మెత్తటి సీసం. పోతూ పోతూ గొట్టం లోపల బూడిదరంగు పొర వదిలిపోతాయి. పొర మందమైతే గుండు దారి తప్పుతుంది. ఆ మాట చదవగానే నా ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు, సీసానిది!

ఆదివారం ఫైరింగ్ రేంజిలో, కాల్పులకు ముందు, పోయిన వారం నేను కాల్చిన ఏడో నంబరు రైఫిల్ సాఫ్ చేసే పని అడక్కుండానే తీసుకున్నాను. పద్ధతి తేలికే. తాడుకు ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన కొక్కెంలో చిందీ, అంటే కొలిచి కోసిన బట్టముక్క. బరువును గొట్టంలో జారవిడిచి అటు నుంచి గుంజాలి. పదిసార్లు గుంజాను. పదిసార్లూ బట్ట నల్లగానే వచ్చింది. సీసానికైతే ఇత్తడి తీగల బ్రష్ ఉంటుంది, అది ఉస్తాద్ పెట్టెలో ఉంటుంది. ఉస్తాద్ అంటే మాకు తుపాకి నేర్పే హవల్దారు. మహారాష్ట్ర సరిహద్దులోని బిచ్కుంద ఆయనది, కోపమొస్తే తెలుగు నుంచి మరాఠీలోకి జారిపోతారు.

బ్రష్ అడిగే వాక్యం మనసులో మూడుసార్లు వల్లెవేసుకుని వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు ఉస్తాద్," అని తిరిగొచ్చేశాను.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడక్కపోతే బుద్ధి కూడా రాదని నాకప్పుడు తెలియదు. ఒక చిందీకి పోని సీసం నాలుగింటికి పోదా అనుకున్నాను. మా అమ్మ బీడీలు చుడుతుంది. ఆమె కూతురిని, నాకు చుట్టడం ఒకరు నేర్పాలా? నాలుగు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పరిచి, బిగించి, దారం కట్టి, కొస మడిచి కొక్కెంలో దూర్చాను. ఎంత ముద్దుగా ఉందో! నూనె రాసి గుంజాను. సగందాకా పెళ్లికొడుకులా వచ్చింది. అక్కడ అలిగి కూర్చుంది.

"సుజాతా, జర పట్టు."

"గిదేందే, బాయిల బొక్కెన ఇరికినట్టయింది! గుంజు!"

"గుంజుతున్న!"

ఇద్దరం కాళ్లు నేలకు తన్నిపట్టి గుంజాం. తాడు పుటుక్కుమంది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. నా చేతిలో ఇత్తడి బరువు మిగిలింది, గొట్టంలో బీడీ మిగిలింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినవాళ్లుంటారు. నేను గొడ్డలిని కూడా ఇరికించాను.

"పోయి చెప్పు," అంది సుజాత.

"నువ్వు చెప్పవా?"

"చుట్టింది నువ్వు, చెప్పేది నేనా? అయినా చెప్తే క్యాంపు పోతది సూడు."

ఈ ధర్మమీమాంస జరుగుతుండగానే ఎవరో వచ్చి రైఫిళ్లన్నీ ఎత్తుకెళ్లారు. చూసేసరికి ఏడో నంబరు పక్క సెక్షన్ అమ్మాయి చేతిలో ఉంది. ఆమె అప్పటికే బోర్లా పడుకుని, కళ్లలో ఆశ పెట్టుకుని టార్గెట్‌ను చూస్తోంది. ఉస్తాద్ ఒక్కో గొట్టం తనిఖీ చేస్తూ వస్తున్నారు. ఇంకో రెండు రైఫిళ్లయితే ఆమె వంతు. తిట్లూ ఆమెకే, క్యాంపు పోయేదీ ఆమెకే.

"ఆగుండ్రీ!"

ఆ కేక ఎవరిదా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. గుట్ట కింద మేస్తున్న బర్రెలు తలలెత్తాయి.

"ఎవలు ఒర్రింది?" అన్నారు ఉస్తాద్.

"నేనే ఉస్తాద్. ఏడో నంబర్ల బట్ట ఇరికింది. నేనే ఇరికించిన."

"ఎన్ని చిందీలు?"

"నాలుగు."

"కాయ్ కేలంస్!" అని తల పట్టుకున్నారు. మరాఠీ రాకపోయినా, ఏం చేశావే అంటున్నారని నాకు బాగా అర్థమైంది.

నూనె పోసి, సన్నటి రాడ్ పెట్టి, అరగంట మెల్లమెల్లగా తడితే బీడీ బయటపడింది. ఉస్తాద్ దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూశారు.

"ఇంత గట్టిగ ఎట్ల చుట్టినవ్?"

"మా ఇంట్ల బీడీలు చుడ్తం ఉస్తాద్... సీసం పోయిందా?"

ఆయన గొట్టం వెలుతురుకెత్తి చూశారు. "పోయింది. నా పానం గూడ పోయింది. పో, కాల్చు."

తళతళలాడే గొట్టంతో ఐదు గుండ్లు కాల్చాను. ఐదూ మళ్లీ పాత ఊర్లకే పోయాయి. పక్కనే కూర్చుని చూసిన ఉస్తాద్ అసలు సంగతి బయటపెట్టారు: ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నేను రెండు కళ్లూ మూసుకుంటున్నానట! పాపం, సీసం మీద ఎంత నింద వేశాను.

అందుకని ఎల్లారెడ్డి బస్సులో కిటికీ ఊచ పట్టుకుని ప్రతిజ్ఞ చేశాను: ఒక గొట్టంలో ఒకే చిందీ పెడతాను, బీడీలు చేటలోనే చుడతాను, బతికున్నంతకాలం ఏ లోహాన్నీ విచారణ లేకుండా నిందించను.

బస్సెక్కే ముందు ఉస్తాద్ పిలిచి, లిస్టు మడిచి జేబులో పెట్టుకుంటూ అన్న మాటలివి:

"తప్పు నీదేనని ఒప్పుకున్నవ్ గద, రిజర్వుల నీ పేరు రాసిన. కండ్లు తెరిసి కాల్చుడు ఆడ నేర్పుత. బ్రష్ కావాల్నంటే అడుగు బిడ్డా, అడిగితే నేనేమన్న కాలుస్తనా?"