పుంటినార నానిన కాలువ

పోయిన నెల సంతకు పోతే, పురసభ వాళ్లు కూరగాయలమ్మే ఆమె దగ్గర ప్లాస్టిక్ కవర్లన్నీ గుంజుకున్నారు. వాళ్లలో చిన్న వయసు ఆఫీసరు ఒకడు నారసంచిని పైకెత్తి పట్టుకొని, ఇది నేలకూ నీళ్లకూ హాని చెయ్యదు, ఇదే కొనండని అందరికీ చెబుతున్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇలాంటి నారే నీళ్లను విషం చేస్తుందని ఇంకో ఆఫీసరు కాలువ గట్టు మీద నిలబడి చెప్పగా విన్నదాన్ని నేను. అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు.

మా అత్తగారిది కన్నడ సీమలో మల్లట్ పక్కన చిన్న పల్లె. తాతల నాటి నుంచి వాళ్ల పని తాళ్లు పేనడం: ఎద్దుల పగ్గాలు, బావి చేంతాళ్లు, మంచాల నులక. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, పుంటికూర, అదే గోంగూర మొక్కను ఆకు కోసం తెంపకుండా నిలువెత్తు ఎదగనిచ్చి, కోసి, కట్టలు కట్టి నీళ్లలో ముంచి పైన బండలు పెడితే, పది పన్నెండు రోజులకు బెరడు మెత్తబడి నార ఊడివస్తుంది. ఆ కుళ్లు వాసన ఎన్నిసార్లు తలకు పోసుకున్నా వెంట్రుకలను వదలదు. కొత్త కోడలిగా వచ్చిన మొదటి ఏడాది జొన్నరొట్టె తుంపి నోటి దాకా తెస్తే చేతుల వాసనకే ముక్క మళ్లీ పళ్లెంలో పెట్టేసేదాన్ని. మా అత్త నవ్వేదీ కాదు, జాలిపడేదీ కాదు. ఇంకో కట్ట నా ముందుకు తోసేది.

కాలువ రాకముందు ఊరి బయట కుంటలో నానబెట్టేవాళ్లట. కాలువ వచ్చాక సముద్రం వైపు నుంచి వచ్చిన రైతులు ఇక్కడ భూములు కొని, మడులు చదును చేస్తూ ఆ కుంటను కూడా పూడ్చేశారు. అమ్మినవాడు మమ్మల్ని అడగలేదు, కొన్నవాడూ అడగలేదు. ఇంక మిగిలింది కాలువే. మామ అప్పటికే పోయాడు, మా ఆయన మెత్తనివాడు, పెత్తనమంతా అత్తదే. కట్టలన్నీ పిల్లకాలువలో దింపించింది.

దిగువన రెండు మైళ్ల దూరంలో ఆ రైతులు ఇళ్లు వేసుకున్న క్యాంపు. వాళ్లకు తాగడానికి ఆ కాలువ నీళ్లే దిక్కు. మొదట మనుషులను పంపి చెప్పించారు, తర్వాత అర్జీలు పెట్టారు. చివరికి సర్కారు కచేరి వాళ్లు వచ్చి గట్టు మీద బోర్డు పాతారు, కాలువలో నార నానబెట్టరాదు, తోళ్లు కడగరాదు, పశువులను దింపరాదు అని. కన్నడంలో రాసిన ఆ బోర్డును కాలువ కాపలా లస్కరు మాకు మూడుసార్లు చదివి వినిపించాడు. మూడోసారి మా అత్త తడినార తెచ్చి ఆ బోర్డు మీదే ఆరేసింది.

ఒక పొద్దున జీపు వచ్చింది. ఆఫీసరు, లస్కరు, నలుగురు కూలీలు, వెనుక క్యాంపు జనం. ఈ నార నీళ్లను విషం చేస్తోంది, తీసెయ్యండని ఆఫీసరు గట్టు మీద నిలబడి చెప్పాడు. మా అత్త చీర ఎగగట్టి నీళ్లలోకి దిగి, కట్టల మీది బండపై కూర్చుంది. ఆమెను ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు క్యాంపు వాళ్లలోంచి నా ఈడు ఆడమనిషి ఒకామె చేతిలో చెంబుతో గట్టు దిగింది.

"మా పిల్లాడికి నాలుగు రోజుల్నుంచి వాంతులు, విరేచనాలు. ఇవి మా రేవులో ముంచిన నీళ్లు. మీరు తాగుతారేమో చెప్పండి."

"మా కుంటను పూడ్సిన్రు. మేం యాడ నానబెట్టాలె, మీ ఇంట్లనా?" అంటూ మా అత్త ఆ చెంబు లాక్కొని గటగటా తాగేసి, ఖాళీ చెంబును నీళ్లలోకి విసిరింది. "తాగిన. ఇంగ పో."

క్యాంపు ఆమె కదలలేదు. మేము తాగే నీళ్లు ఊరి వెనుక బావి నుంచి తెచ్చుకుంటామని నాకు తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆఫీసరు సైగ చేస్తే ఇద్దరు కూలీలు మా అత్తను రెక్కలు పట్టి గట్టెక్కించారు. కట్టలన్నీ లాగి ఎండలో పరిచారు. సగం నానిన కట్టె ఎండితే నార దానికే అతుక్కుపోతుంది. మళ్లీ నానబెట్టినా పోగులు తెగుతాయే గానీ బారుగా రావు. రెండు ఎండలకు మా ఏడాది పంట పొయ్యిలోకి తప్ప పనికిరాకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం మా అత్త పశువుల కొట్టం వెనుక గోడ పట్టుకొని వాంతి చేసుకుంటుంటే నేను చూశాను. నేను చూశానని ఆమె కూడా చూసింది. చచ్చేదాకా పని ఉంటే తప్ప నాతో మాట్లాడలేదు.

ఆ ఏడు తిండి గడవక నేను క్యాంపు మడులకు నాట్లకు పోయాను. అత్త అడ్డుపడలేదు గానీ, నేను కూలికి తెచ్చిన బియ్యం వండితే ముట్టేది కాదు. నేను నాట్లేసిన మడి ఒకప్పుడు మా కుంట ఉన్నచోటే. చెంబుతో వచ్చిన ఆమే దాని యజమానురాలు. పిల్లవాడు బతికాడని తోటి కూలీలు చెబితే విన్నాను. సంతోషించానా అంటే చెప్పలేను. ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు, నేను ఆమెను అక్కా అనలేదు.

వరి పొట్టకొచ్చిన వేళ వాళ్లు పురుగుమందు కొట్టి, ఆ పంపులూ డబ్బాలూ అదే కాలువలో కడిగారు. మర్నాడు చేపలు తెల్లటి పొట్టలతో పైకి తేలాయి. నేను లస్కరును వెంటబెట్టుకొచ్చి చూపించాను. అతను వంగి చూసి, "బోర్డు మీద మందు మాట లేదమ్మా" అని వెళ్లిపోయాడు. మా నార నీళ్లు చెడగొట్టలేదని నేనెప్పుడూ అనను. కానీ మా తప్పుకు వాసన ఉంది, మైలు దూరం నుంచే పట్టుబడింది.

ఇప్పుడు ఆ లస్కరు లేడు, అత్త లేదు, క్యాంపు ఆమె పిల్లలతో సింధనూరుకు వెళ్లిపోయిందట. కోపం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, చూపించుకోవడానికి మనుషులు మిగల్లేదు. మా పల్లెలో తాడు పేనే చెయ్యి ఒక్కటీ లేదు. మా ఇంటి బర్రెను నైలాను తాడుతోనే కడుతున్నాం. అది గుంజుకున్నప్పుడల్లా మెడ కోసుకుపోతుంది. పుంటినార పగ్గానికి ఏ పశువు మెడా తెగగా నేను చూడలేదు. రోజూ పొద్దున ఆ పుండుకు పసుపూ నూనే రాస్తాను. అది తల వంచి, కదలకుండా రాయించుకుంటుంది.