అక్కవాళ్ల ఫ్యాను

నా చిన్నప్పుడు వరంగల్‌లో మేమున్న ఇంట్లో మూడు కిరాయి వాటాలకు కలిపి కరెంటు మీటరు ఒక్కటే. బిల్లు రాగానే ఇంటి యజమానురాలు బల్బులు లెక్కబెట్టి ఎవరెంత కట్టాలో చెప్పేది. ఫ్యాను ఉంటే రెండు బల్బుల కింద లెక్క. ఆ ఇంట్లో ఫ్యాను ఉన్నది పక్క వాటాలోని అక్కకే. ఆయాసంతో మంచం పట్టిన తల్లి కోసం, బీడీలు చుట్టిన డబ్బులతో కొన్నది.

మాకు ఫ్యాను లేదు కానీ మంచం కింద ఒక కాయిలు హీటరు ఉండేది. వానాకాలం కట్టెలు తడిస్తే పనికొస్తుందని నాన్న తెచ్చాడు. కరెంటు చార్జీలు పెరిగాక అమ్మ దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. ఆ ఎండాకాలం సెలవుల్లో అమ్మానాన్నలు పొద్దున్నే పనికి పోతే అన్నం వండడం నా వంతు. నాకు పదేళ్లు. పొయ్యి ఊదితే కళ్లమంట, పైగా ఒళ్లు బద్ధకం. తలుపు దగ్గరికి వేసి రోజూ హీటరు మీదే వండేదాన్ని. అమ్మకు అనుమానం రాకుండా నాలుగు కట్టెలు తీసి గోడ వెనక పడేసేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ నెల బిల్లు ఎన్నడూ లేనంత వచ్చింది. అందరూ వాకిట్లో చేరారు. అమ్మ నావైపు తిరిగేసరికి హీటరు సంగతి అడుగుతుందేమో అనిపించింది. అడగకముందే నోరు తెరిచాను.

"అక్కోళ్ల ఫ్యాను పొద్దంతా తిరుగుతనే ఉంటది."

అంతే, మాటలన్నీ అటు మళ్లాయి. ఫ్యాను అంత కరెంటు తినదని అక్క చెప్పి చూసింది. ఎవరూ వినలేదు. ఇకమీదట దానికి నాలుగు బల్బుల లెక్క అని యజమానురాలు తేల్చేసింది. అంత కట్టలేక అక్క ఆ రోజే ఫ్యాను ఆపేసింది.

మర్నాడు అమ్మవాళ్లు పనికి పోయాక అక్క నన్ను పిలిచింది. మీటరు ఉండేది ఆమె గుమ్మం పక్కనే. ఫ్యాను వేసి, మీటరులో తిరిగే చక్రాన్ని చూడమంది. దాని మీది ఎర్ర గీత తీరిగ్గా ఒక చుట్టు తిరిగి వచ్చింది. తర్వాత మా ఇంట్లో హీటరు పెట్టి రమ్మంది. ఎలా తెలుసని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పెట్టి వచ్చేసరికి చక్రం ఎంత జోరుగా తిరుగుతోందంటే గీత కంటికి ఆనలేదు. బీడీలు చుట్టుకుంటూ ఆమె రోజూ ఆ జోరును చూస్తూనే ఉంది.

"నేను చెప్తే మీ అమ్మ నిన్ను కొడ్తది చెల్లె. జర ధైర్యం చేసి నువ్వే చెప్పు," అంది. గొంతులో కోపం లేదు.

నేను చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ నెల గడిపాను. హీటరు మాత్రం మళ్లీ ముట్టలేదు, బుద్ధిగా పొయ్యే ఊదాను. మధ్యాహ్నాలు పోయి అక్క తల్లికి విసనకర్రతో విసిరేదాన్ని. ఆమె నా తల నిమిరి, "సల్లగుండు బిడ్డా," అనేది. ఆ దీవెన వింటే సిగ్గుతో ఎక్కడ దాక్కోవాలో తెలిసేది కాదు.

తర్వాతి బిల్లు బాగా తగ్గింది. చూశారా, కరెంటంతా ఆ ఫ్యానే తిన్నది అన్నారు అందరూ. నేను బుద్ధి తెచ్చుకోవడమే అక్క మీద సాక్ష్యమైంది. అక్క నావైపు ఒక్కసారి చూసి లోపలికి పోయింది. అప్పుడూ నా నోరు పెగల్లేదు. ఆ వారమే ఆమె ఫ్యాను అమ్మేసింది.

ఇప్పుడు నాకు మనవలు. చార్జీలు మళ్లీ పెరిగాయి. బిల్లు వచ్చిన రోజు గీజరు ఎవరు ఆపలేదు, ఏసీ ఎవరు వదిలేశారు అని మా ఇంట్లోనూ పంచాయితీ పెడతారు. ఎవరి మీదికీ మాట పోకముందే, నేనే మరిచిపోయాను అంటాను. అమ్మమ్మకు మతిమరుపు అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. చేయని తప్పుకు కూడా 'నేనే' అనడం ఇప్పుడు నాకు ఎంత తేలికో. ఆనాడు ఆ వాకిట్లో ఒక్కసారి అని ఉంటే, ఆ తల్లి ఎండాకాలమంతా కాస్త గాలి పీల్చుకునేది.