అందరి రాజీనామాలూ నేనే రాశాను

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చీరల షాపులో పద్నాలుగేళ్లు పట్టు సెక్షన్‌లో పనిచేశాను. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. అంచు చేతికందితే చాలు, చీర మంచిచెడ్డలు చెప్పేసేవాణ్ని. కానీ షాపులో నాకు పేరు తెచ్చింది చేతిరాత. మా కొంప ముంచిందీ అదే.

ఏటా ఆషాఢం సేల్ అయిపోగానే సేటు అందరి దగ్గరా రాజీనామా తీసుకునేవాడు. సొంత కారణాల వల్ల పని మానుకుంటున్నానని రెండు ముక్కలు. మర్నాడు మళ్లీ అదే కౌంటర్ వెనక నిలబడేవాళ్లం. "ఉట్టి కాయిదమే, ఆడిట్ కోసం. జర సంతకం పెట్టున్రి" అనేవాడు. సగం మందికి రాయడం రాదు కాబట్టి అందరివీ నేనే రాసేవాణ్ని. సేటు నా రాతను మెచ్చుకుంటే సిగ్గులేకుండా పొంగిపోయేవాణ్ని. ఇదంతా ఎందుకని ఒక్క ఏడాదీ అడగలేదు, వెధవని.

మొన్న ఎండాకాలంలో పై అంతస్తు మూసేసి, మా ఎనిమిది మందిని రేపట్నుంచి రావద్దన్నారు. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేశాం. పనిలోంచి తీసేస్తే చేసిన ప్రతి ఏడాదికీ పరిహారం ఇవ్వాలనీ, అది దానం కాదు మా హక్కనీ అక్కడి ఆఫీసరు చెప్పాడు. చీరలు మడతపెట్టే ఒకామె ఆ మాటకు అక్కడే ఏడ్చేసింది. మీర్‌పేట్‌లో కిరాయికి ఉంటుంది, భర్త నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు. నాకూ ఆ పరిహారమే దిక్కు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా నేను మెట్లెక్కని షాపు లేదు. నలభై ఎనిమిదేళ్లని చెప్పగానే, ఫోన్ చేస్తామని పంపించేవాళ్లు.

రెండో వాయిదా నాడు సేటు వకీలు ఒక కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు. మా రాజీనామాలు! ఒక్కటీ పోకుండా దాచారు.

"మేం ఎవర్నీ తీసెయ్యలేదండీ. ఏటా వాళ్లే మానేసి, వాళ్లే మళ్లీ చేరారు. అంతకుముందు సర్వీసు లెక్కలోకి రాదు."

"ఏందన్నా గిది? మనమెప్పుడు మానేసినం?" అందామె నా చెవిలో.

భోజనం విరామంలో వకీలు నన్ను వరండాలోకి పిలిచాడు. "రాత మీదేనని ఒప్పుకుంటే, సిబ్బంది కాగితాలు చూసుకునే మీరు యాజమాన్యం మనిషి అవుతారండీ. పరిహారం కార్మికులకే. ఇంట్లోవాళ్ల గురించి ఆలోచించుకోండి." ఆలోచించాను. కూతురి కాలేజీ ఫీజు తప్ప ఏదీ తట్టలేదు. నోరు మూసుకుందామనే లోపలికి వెళ్లాను.

ఆఫీసరు కాగితాలు తిరగేసి, "అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. ఎవరు రాసిన్రు?" అని అడిగాడు. మిగతా ఏడుగురూ తలలు వంచుకున్నారు. నా పేరు ఒక్కరూ చెప్పలేదు.

"నేనే రాసిన సార్. సేటు రాయమంటెనే రాసిన. ఒక్క దినం గూడ ఎవ్వరు పని మానలే."

ఆయన నా మాటలన్నీ రాసుకున్నాడు. వకీలు లేచి, నేను కార్మికుణ్ని కానని వాదించాడు. "వాళ్ల కేసు నడుస్తది. నీది వేరేగ తేలాలె" అన్నాడు ఆఫీసరు నాతో.

మెట్ల మీద ఆమె నా చేతులు పట్టుకుంది. "మరి నీదెట్లన్నా?"

"నాది గూడ ఒస్తది తియ్" అన్నాను.

జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఇవాళ్టితో మన కష్టం తీరుతుందని పొద్దున నా భార్యకు మాటిచ్చి వచ్చాను.