పాచి చేపకు తోడు

ఆత్మకూరులో బట్టలు కుట్టే వెంగమ్మకు ఇంట్లో పలకరించే దిక్కు అద్దాల తొట్టిలోని పాచి చేప ఒక్కటే. అది మూరెడు పెరిగింది. దానికి తోడని తెచ్చిన గోల్డుఫిష్‌లన్నీ పక్కలు గీరుకుపోయి చచ్చినాయి.

"ఏందిరా, జబ్బు చేపలు అంటగడతావా?" అని చేపలంగడి పెంచల్ మీద విరుచుకుపడింది.

"ఆ పాచి చేప పక్కన చురుగ్గా ఈదేవే బతకతాయి పెద్దమ్మా. ఆకలైతే మెల్లగా తిరిగేవాటి ఒంటి జిగురు నాకేస్తాది. మేత ఏం వేస్తా ఉండావు?"

"పాచి తినేదానికి మేతెందుకురా?"

"మరి తొట్టిలో పాచి ఉండాదా?"

శుక్రవారం శుక్రవారం ఇల్లు కడిగినట్టే తొట్టి అద్దాలూ తళతళలాడేట్టు తోమేది వెంగమ్మే.

ఇంటికొచ్చి, పెంచల్ చెప్పినట్టు సొరకాయ ముక్క వేసింది. చేప కదల్లేదు, అప్పటికే చచ్చిపోయింది. ఇన్నాళ్లూ దానికి తోడు వెతికింది గానీ, ఒక్క పూటా కూడు పెట్టలేదు.