ఒడ్డు పక్కన నాటిన సాలు

మా నాట్ల ముఠా పెద్ద కన్నుమూసి పది రోజులైంది. ఈ మాటలు చెప్తున్న నా పేరు మల్కవ్వ. ఏండ్లు డెబ్బై దాకా ఉంటాయి. ఎల్లారెడ్డికి ఇవతల, కాలువ కింద ఊరు. ఇంట్లో నేను, కోడలు, రెండు మేకలు. నాకు అక్షరం రాదు. బడి పంతులు రాస్తున్నాడు. తిట్లు కూడా వదలొద్దన్నాను.

ముఠా పెద్దను అక్కా అని పిలిచేదాన్ని. నేను పెద్దకొడప్‌గల్ దిక్కు జొన్నచేల ఊరి నుంచి కోడలిగా వచ్చాను. బురదలో కాలు పెట్టి ఎరగను. నాటు వేసేటప్పుడు అందరూ ఒకే వరుసలో వెనక్కి నడవాలి. ఒక్కతె ఆగితే వరుస ఆగుతుంది. అందుకే కొత్తవాళ్లను ఎవరూ కలుపుకోరు.

"జొన్నచేల పిల్లకు బురదల ఏం పనే?" అని నవ్వారు.

అక్క నన్ను చెయ్యి పట్టి వరుస నడుమ నిలబెట్టింది. "కొత్తది ఒడ్డుకుంటే ఒంటిదైతది. నడుమ ఉంటే అటు చెయ్యి, ఇటు చెయ్యి గుంజుకపోతయి" అంది. నేను వెనకబడితే ఆమె చెయ్యి నా వంతులోకి వచ్చి నాలుగు మొక్కలు నాటి పోయేది. నా మొఖం మాత్రం చూసేది కాదు. మాటలు ఎక్కువైతే నారుకట్టతో పిక్కల మీద ఒక్కటి వేసేది. మడిలోకి దిగేముందు మెట్టెలు తీసి కొంగున ముడేసుకునేది. అన్నం అందరికన్నా చివర తినేది.

ఈ వానకాలం ఆమె ఆయాసంతో మంచం పట్టింది. అప్పుడే ఖైరున్ నాటు పనికి వచ్చింది, చెప్పులు చేత పట్టుకుని. కామారెడ్డిలో పుట్టి మా ఊరికి కోడలైన పిల్ల. దుబాయి పోయిన మొగని గొంతు ఆఖరిసారి అతను పంపిన క్యాసెట్‌లో విని ఏడాదైంది. ముగ్గురు పిల్లలు. వేరే పని లేదు.

వద్దని ముందు అన్నది నేనే. "టౌన్ పిల్ల. మడంత సొట్టలు చేస్తది" అన్నాను. ఒక్కరోజు చూద్దామని ఒడ్డుకు నిలబెట్టాం. పగటికల్లా మేం వెనక్కి జరిగిపోతే, ఆమె ఒంటరిగా ఎక్కడో ముందు మిగిలిపోయింది. మడి ఆసామి అరిచాడు. రేపటి నుంచి రావద్దన్నాం.

సాయంత్రం అక్కకు చెప్పాను.

"యాడ నిలవెట్టిండ్రే?"

"ఒడ్డుకు."

"నిన్ను గట్లనే నిలవెడితే ఏమైతుండె, మల్కీ?" అని గోడ దిక్కు తిరిగింది. మూడో రోజు పోయింది.

దినాలు కాకముందే ముఠా దగ్గరికి పోయాను. ఖైరున్‌ను నడుమ నిలబెట్టండి, పక్కన నేనుంటానన్నాను.

"నీకే నడుము వంగుతలేదు అవ్వా! ఆమెను మోసుడా, నిన్ను మోసుడా?" అన్నారు. అందరినీ తిట్టాను, వాళ్ల తాతలను కూడా. నవ్వుకుంటూ మడిలోకి దిగారు. వాళ్లన్నది అబద్ధం కాదు. నా చేతుల్లో వేగం పోయింది.

"పోనీయవ్వా, నా గురించి గొంతు చించుకోకు" అంది ఖైరున్. అది ఇంకా కోపం తెప్పించింది.

బయటివాళ్లను కలుపుకోవాలా వద్దా అని అడిగితే, నేనే బయటిదాన్ని అని చెప్తాను. వినేది ఎవరు?

నిన్న ఆ మడి దిక్కు పోయాను. ఒడ్డు పక్కన ఖైరున్ నాటిన సాలు పాము పోయినట్టు వంకరగా ఉంది. కానీ వేరు పట్టి, అందరి నాటులాగే పచ్చబడింది.

మల్కవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షి: ఖైరున్నీసా, ఉర్దూలో సంతకం.
రెండో సాక్షి చోటు ఖాళీగా ఉంచమన్నాను. వచ్చి అక్కడ ముద్ర వేయమని ముఠాలో అందరికీ కబురు పెట్టాను.