ఎనభై ఆరు ఆల్చిప్పలు

తెలుగు జిల్లాలన్నీ ఒక్క రాష్ట్రంగా కొత్తగా కలిసిన ఆ రోజుల్లో నాకు లెక్క తప్పడమంటే పాము కంటే ఎక్కువ భయం. ఆ భయం వల్లనే నా జీవితంలోకెల్లా పెద్ద లెక్క తప్పాను. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఒక సీజను చెరకు బండ్లకు నంబర్లు వేసి, నిజామాబాద్‌లో ఒక కాలేజీ మ్యూజియంలో తాత్కాలిక గుమాస్తాగా చేరాను. కాశ్మీరు సరస్సుల నుంచి తెచ్చిన ఆల్చిప్పల పెట్టె ముందుపెట్టి మ్యూజియం సారు అన్నారు: "చిప్ప లోపల నంబరు, చీటీల ఆ నంబరుకు సరస్సు పేరు ఉంటయి. రిజిస్టరుల ఎక్కించు. రేపు హైదరాబాద్ నుంచి తనిఖీకి పెద్దసారు వస్తున్నడు. ఆయన సరే అంటేనే నీ నౌకరీ పక్కా."

సారు పార్సిళ్లు విడిపించడానికి స్టేషనుకు వెళ్లగానే పెట్టె విప్పి ఒక్కో చిప్పనూ తిప్పి చూశాను. ప్రతి నంబరూ రెండు చిప్పల మీద ఉంది. చెరకు కాటా దగ్గర ఒకే నంబరు రెండు బండ్లకు పడిందంటే ఎవడో దొంగ అన్నమాట. (నాకు తెలిసిన శాస్త్రం అంతే.) వెంటనే ప్రతి జతలో ఒకదాని నంబరు బ్లేడుతో గీకేసి, గీకినవాటిని సైజు వారీగా పేర్చి, ఎనభై ఏడు నుంచి నూట డెబ్బై రెండు దాకా కొత్త నంబర్లు వేశాను. పదకొండు గంటలకు పని ముగించి నన్ను నేనే మెచ్చుకుంటుండగా, ఊడవడానికి వచ్చిన ఎడపల్లి అవ్వ చీపురు ఆపింది.

"ఏంది బిడ్డా, మొగుడు పెండ్లాలను గిట్ల ఇడదీసినవ్?"

"అంటే ఏంది అవ్వా?"

"మంజీర ఏట్ల గివి ఏరి పెరిగిన దాన్ని. ఒక్క పురుగుకు రెండు సిప్పలుంటయి. నీకు అంత సదువెందుకు సెప్పిన్రో."

పేర్చిన చిప్పలన్నీ మళ్లీ బల్ల మీద పరిచాను. మ్యూజియం సారు నాలుగింటికి తిరిగొస్తారు. అవ్వ కొంగు దోపుకొని కూర్చుంది. "ఏ సిప్పకు దాని జోడీనే కుదురుతది. ఒత్తకు, పలుగుతది." ఒక్కొక్కటీ కలిపి చూస్తూ, కుదిరిన దానికి పాత నంబరు మళ్లీ వేస్తూ పోయాం. మెట్ల మీద ఎవరు దగ్గినా నేను లేచి నిలబడేవాణ్ణి. మూడున్నరకు ఎనభై నాలుగు జతలు కుదిరాయి. మిగిలిన నాలుగు చిప్పలు ఎటు కలిపినా కుదురుతున్నాయి. ఒక జత దాల్ సరస్సుది, ఒకటి వూలర్‌ది.

"ఏదో ఒకటి రాయి. పెద్దసారు సిప్పలను పిలిచి అడుగుతడా?" అంది అవ్వ.

చేయి రాలేదు. రిజిస్టరు చివరి గడిలో రాశాను: 'ఈ రెండు జతల నంబర్లు నేను చెరిపాను. ఏ చిప్ప ఏ సరస్సుదో తెలియదు.' సారు వచ్చి చదివి, కళ్లద్దాలు తీసి అడిగారు: "అంటే మిగిలిన ఎనభై నాలుగు చెరిపింది కూడా నువ్వేనా?" (ఆ ప్రశ్న వస్తుందని లెక్కల మనిషికి తోచనే లేదు.)

"అవును సార్."

"రేపు ఆయనకు నువ్వే చెప్పాలె."

మర్నాడు పెద్దసారు ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగారు. నేను ముందే లేచి నిలబడి మొత్తం చెప్పేశాను, మధ్యలో ఊపిరి లేకుండా. ఆయన నాలుగు చిప్పలనూ తిప్పి చూసి, "నాకూ తెలుస్తలేదు," అని పేజీ తిప్పి సంతకం చేశారు. నౌకరీ నిలిచింది. సాయంత్రం దాకా నేను మాత్రం కుర్చీలో కూర్చోలేదు.

ఆనాటి ఆ బక్క గుమాస్తా ఇప్పుడు ఎదురుపడితే చాయ్ పోసి, "ముందు కూర్చో నాయనా" అంటాను. కూర్చోడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.