బాసు అడిగిన స్ప్రింగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పేరు కన్నా ఎక్కువగా వినిపించింది మా నాన్న బాసు ప్రస్తావనే. అసలు పేరు పలకడం ఇష్టంలేక అమ్మ ఆయన్ని ‘మహానుభావుడు’ అనేది. అప్పట్లో మేం మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాళ్లం. కార్ల ఇంజన్లకు స్ప్రింగులు తయారుచేసే చిన్న కంపెనీలో నాన్న ఇంజనీరు. ఆయన ఎన్నో నెలలు కష్టపడి కొత్త స్ప్రింగు ఒకటి డిజైన్ చేస్తే, మహానుభావుడు దాన్ని తనదిగా ఓనరుకు చూపించి ప్రమోషన్ కొట్టేశాడు. పైగా ఆ సంబరానికి మమ్మల్ని కూడా పిలిచి, నాన్న ఇంగ్లిష్ యాసను అందరి ముందూ అనుకరించి నవ్వించాడు. నాన్న కూడా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

అవి డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులు. నోరు విప్పితే మర్నాటి నుంచి ఇంట్లో కూర్చోవాలి. అమ్మ గిన్నెలు తోముతూ ఆయన్ని తిట్టని సాయంత్రం లేదు. నేనైతే ఆయన కారు టైర్లలో మేకులు దించాలని పథకాలు వేసేదాన్ని. ఆ సంగతి నాన్నకు చెబితే, “మేకులు వద్దమ్మా, దొరికిపోతావ్” అన్నారు. అది తప్పని మాత్రం అనలేదు.

మహానుభావుడికి పిస్టల్ పిచ్చి ఉండేది. ఆదివారాలు గన్ క్లబ్‌కి వెళ్లి కాగితాల మీద గురి చూసి కాల్చేవాడు. ట్రిగ్గర్ బిగువుగా ఉండి గురి కదిలిపోతోందని, ఒకరోజు దాని స్ప్రింగు తెచ్చి నాన్న బల్ల మీద పెట్టి, ఇంతకన్నా బాగా మెత్తగా ఉండేది చేసిపెట్టమన్నాడు. నాన్న ఆయనకు విషయం విప్పి చెప్పారట. లోపలి సుత్తిని ముందుకు తోసేది ఆ స్ప్రింగే. సుత్తి దెబ్బకే తూటా పేలుతుంది. స్ప్రింగు మెత్తబడితే వేలికి సుఖమే గానీ దెబ్బ కూడా మెత్తబడుతుంది. ఇప్పుడు వాడే తూటాలు పేలినా, సుత్తి తగిలే వెనకరేకు కాస్త గట్టిగా ఉండే రకమైతే పేలకపోవచ్చు. మహానుభావుడు అంతా విని, నిన్ను సలహా అడగలేదు, స్ప్రింగు అడిగాను అన్నాడట.

నాన్న ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబుతుంటే అమ్మకు ఒళ్లు మండిపోయింది. “ఇంకా వాడికి సేవలు కూడానా అండీ? కాస్తయినా రోషం ఉండక్కర్లేదా?” అంది. కాగితాల మీద కాల్చేది కాబట్టే ఒప్పుకున్నానని, ఎవరి ప్రాణమైనా దాని మీద ఆధారపడేదైతే ముట్టుకునేవాణ్ణి కాదని చెప్పి, నాన్న పెరుగన్నం కలుపుకున్నారు. తర్వాత అడిగినంత మెత్తగా చేసిచ్చారు.

ఆకులు రాలే కాలంలో క్లబ్‌లో పోటీ పెట్టారు. కంపెనీ కుటుంబాలన్నీ వెళ్లాయి. పోటీకి ముందు మహానుభావుడు ఖాళీ పిస్టల్‌ని అందరి చేతికీ ఇచ్చి ట్రిగ్గర్ నొక్కించాడు. వెన్నలా ఉందని అందరూ మెచ్చుకున్నారు, ఓనరుతో సహా. ఈ స్ప్రింగు నేనే డిజైన్ చేశానని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. పక్కనే నాన్న పేపర్ ప్లేటులో చిప్స్ తింటున్నారు. నేను నోరు తెరవబోతే నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కారు.

పోటీలో అందరూ క్లబ్ వాళ్లిచ్చిన తూటాలే కాల్చాలి. మిగతా వాళ్ల పిస్టల్స్ ఢాం ఢామంటుంటే మహానుభావుడిది ఒకసారి పేలి, రెండోసారి ఉత్తినే టిక్కుమంది. ఇంకో తూటా కూడా టిక్కుమంది. క్లబ్ పెద్ద ఆ తూటాల్ని తీసి చూసి, వెనక చిన్న సొట్ట తప్ప ఏమీ పడలేదని, ఈ గట్టి రేకుకు స్ప్రింగు చాలలేదని తేల్చాడు. మహానుభావుడు నాన్న వైపు చూశాడు. నాన్న ఇంకో చిప్ తీసుకున్నారు. ఇది నువ్వే డిజైన్ చేశానన్నావు కదా అని ఓనరు అందరికీ వినబడేలా అడిగాడు. కాదంటే అబద్ధాలకోరు, అవునంటే చేతకానివాడు. అవునన్నాడు. అయితే మన ఇంజన్ స్ప్రింగు లెక్కలు కూడా సోమవారం నాకు ఒకసారి వివరించమన్నాడు ఓనరు. మహానుభావుడి మొహం పాలిపోవడం చూస్తుంటే నాకు పండగలా ఉంది.

సోమవారం ఆ లెక్కలు చెప్పడానికి ఆయన నాన్నను పిలవక తప్పలేదు. ఆ తర్వాత నాన్న గీసిన దేని మీదా తన పేరు పెట్టుకోలేదు.

క్లబ్ నుంచి తిరిగి వస్తూ కార్లో అడిగాను, “నాన్నా, ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?” అని.

“స్ప్రింగ్ సంగతి వార్న్ చేశాను కదమ్మా. ఆయన బుద్ధి సంగతే ఆయనకి చెప్పలేదు,” అన్నారు.

ముందు సీట్లో అమ్మ కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వుకుంది.

నా ఉద్యోగంలో నాకూ మహానుభావులు తగిలారు. ఒక్కసారి స్పష్టంగా హెచ్చరిస్తాను. వినకపోతే, ఎవరికీ ప్రమాదం లేదనుకుంటే, అడిగింది అడిగినట్టు చేసిచ్చి పక్కన నిలబడతాను. నాకు ఆఫీసులో చాలా ఓపికమంతురాలినని పేరు. దాన్ని మంచితనం అనుకుంటారు. మా నాన్నది కూడా అలాగే అనుకున్నారు.